మల్లయ్య చెయ్యి వేసిన కారు

2019 జూన్‌లో నన్ను సూర్యాపేట శాఖకు సీనియర్ వాల్యుయేటర్‌గా బదిలీ చేశారు. మాది ఖరీదైన పాత కార్లను అమ్మిపెట్టే సంస్థ. హైదరాబాద్‌లో పెద్ద షోరూమ్, జిల్లాల్లో చిన్న ఆఫీసులు ఉండేవి. వాల్యుయేటర్ అంటే కారును పరీక్షించి, దాని ఆరోగ్యం మీద రిపోర్టు రాసి, విలువ కట్టేవాడు. జిల్లా శాఖల్లో మనుషులు తక్కువ కాబట్టి కొనేవాళ్ళకు కారు చూపించడం, వాళ్ళ చేత నడిపించడం, పేరు మార్పిడి కాగితాలు చూడటం కూడా నా మీదే పడేవి. హోదాలో బ్రాంచి మేనేజరు నాకంటే పైన. పాపం ఆయన ఎరువుల కంపెనీ నుంచి వచ్చాడు. బానెట్ మీట ఎక్కడుంటుందో ఆయనకు నేనే చూపించాను.

సూర్యాపేటలో అంత ఖరీదైన కార్లు ఎవరు కొంటారని హైదరాబాద్ మిత్రులు ఎగతాళిగా అడిగేవారు. వాళ్ళకు ఈ జిల్లాలు తెలియవు. మిర్యాలగూడలో రైసు మిల్లుల వాళ్ళున్నారు, కోదాడలో కాంట్రాక్టర్లున్నారు, సూర్యాపేట నిండా డాక్టర్లున్నారు. డబ్బుకు లోటు లేదు, లోటంతా రోడ్లకే. అందుకే అందరూ ఎత్తుగా ఉండే పెద్ద బండ్లే అడిగేవారు. స్పోర్ట్ సెడాన్ అడిగేవాడు ఏడాదికి ఒకడొస్తే గొప్ప.

స్పోర్ట్ సెడాన్ చూడటానికి మామూలు నాలుగు తలుపుల డిక్కీ కారే. కాకపోతే నేలకు దగ్గరగా ఉంటుంది, ఇంజిన్‌లో బలం ఎక్కువ, మలుపుల్లో పక్కకు వాలదు. అది నడిపేవాడి ఆనందం కోసం కట్టిన కారు. వెనక కూర్చున్నవాడు దాని లెక్కలో సామానుతో సమానం. సొంతంగా స్టీరింగ్ పట్టాలన్న మోజు లేనివాడికి దాన్ని అమ్మకూడదని నేను నా కింద పనిచేసే కుర్రాళ్ళకు చెప్పేవాణ్ణి.

2022 వానాకాలంలో ఆ మోజు ఉన్న మనిషి మా ఆఫీసు మెట్లెక్కాడు. పేరు సైదులు, ఎముకల డాక్టరు. సూర్యాపేటలో సొంత దవాఖాన. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. తిరుమలగిరి దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబం వాళ్ళది. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే అన్న మల్లయ్య మంద వెంట తిరిగి తమ్ముణ్ణి హాస్టల్లో పెట్టి చదివించాడు. ఈ సంగతి డాక్టరే మొదటి రోజు చెప్పాడు. కారు గురించి అడగడానికి వచ్చిన మనిషి అన్న గురించి ఎందుకు చెబుతున్నాడా అనుకున్నాను. తర్వాత విషయానికి వచ్చాడు. అప్పటిదాకా డాక్టరుకు ఉన్నది చిన్న కారు. పెద్ద కారంటూ కొంటే అందులో మొదట అన్నను ఎక్కించుకుని వచ్చే మాఘమాసంలో దురాజ్‌పల్లి గుట్ట జాతరకు తీసుకుపోవాలి. గొల్లవాళ్ళకు ఆ జాతర ఎంత పెద్దదో ఈ ప్రాంతంలో పనిచేసిన వాళ్ళెవరికైనా తెలుసు.

మా జాబితాలో అప్పుడు సరిగ్గా రెండు స్పోర్ట్ సెడాన్లున్నాయి. రెండూ పేరున్న రెండు వేర్వేరు విదేశీ కంపెనీలవి. ఆ పేర్లు ఇక్కడ అనవసరం, నీలం కారు, నల్ల కారు అంటే చాలు. రెండింటినీ యజమానుల దగ్గరే ఉంచి మేము అమ్మకం మాత్రం చూసే పద్ధతిలో తీసుకున్నాం. నీలం కారు మిర్యాలగూడలో ఒక మిల్లు యజమానిది, నల్లది కోదాడలో ఒక సిమెంటు డీలరుది.

రెండింటికీ రిపోర్టు రాసింది నేనే. రంగు మందం కొలిచే పరికరంతో ఒళ్ళంతా తడిమి చూస్తే ఎక్కడ రీపెయింట్ వేశారో తెలిసిపోతుంది. కంప్యూటర్ తగిలించి ఇంజిన్ పాత జబ్బులు చదువుతాం. లిఫ్టు మీద ఎత్తి అడుగు భాగం చూస్తాం. నీలం కారు ఎయిర్ ఫిల్టర్ నిండా మిల్లు ఊక ఉంది, అడుగున గీతలున్నాయి. కోతల కాలంలో నేరేడుచర్ల రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ఎత్తు తక్కువ కార్లకు ఆ రాళ్ళతోనే పేచీ. అంతకు మించి దానికి లోపం లేదు. బిగువైన సస్పెన్షన్, కిందికి కూరుకుపోయే సీట్లు, ముట్టుకుంటే ఉరికే ఇంజిన్. నల్ల కారు కొంచెం పొడవు, కొంచెం మెత్తన. దాని సీటు నీలందానికంటే కాస్త ఎత్తు. ఆ కాస్త ఎత్తును బయట ఎవరూ పట్టించుకోరు గానీ, మేము దాన్ని కొలిచి రాస్తాం. కూర్చోవడానికి మనిషి ఎంత వంగాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

డాక్టరు ముందు మిర్యాలగూడ వచ్చి నీలం కారు నడిపాడు. నేను పక్క సీట్లో ఉన్నాను. ఊరు దాటాక పాటలు ఆపేశాడు, ఏసీ ఆపేశాడు, అద్దం దించి ఇంజిన్ చప్పుడు వింటూ నేరేడుచర్ల దాకా పోయాడు. తిరిగొచ్చి దిగాక వరసగా వంకలు పెట్టాడు. గట్టిగా ఉంది, టైర్ల మోత వినిపిస్తోంది, డిక్కీ చిన్నది, మా రోడ్లకు తట్టుకోదు. తర్వాతి వారం కోదాడలో నల్ల కారు నడిపాడు. హైవే మీద అది నీళ్ళ మీద పడవలా పోయింది. దిగి, “దీనికి వంక పెట్టనీకి లేదండి” అన్నాడు. నా అనుభవంలో మనిషి మనసు పడ్డ కారుకు వంకలు పెడతాడు, మనసు పడనిదాన్ని మెచ్చుకుంటాడు. పెళ్ళి సంబంధాల్లో కూడా అంతేనని మా ఆవిడ అంటుంది. అందుకని నీలం కారు కాగితాలు సిద్ధం చేయమని ఆఫీసులో చెప్పి పెట్టాను.

కానీ ఆఖరి మాట తన అన్నయ్యదే అన్నాడు డాక్టరు. “మా అన్న ఒక్కసారి సూడాలె. ఆయన సూడనిది మా ఇంట్ల ఏదీ రాలే” అన్నాడు. ఇద్దరు యజమానులను ఒప్పించి, రెండు కార్లనూ ఒకే ఆదివారం పొద్దున సూర్యాపేటలో డాక్టరు దవాఖాన ముందు పక్కపక్కన నిలబెట్టాను. పోటీ కంపెనీల కార్లు అలా జంటగా నిలబడటం చూసి మందుల షాపు వాళ్ళు కూడా బయటికొచ్చారు.

మల్లయ్య తిరుమలగిరి బస్సు దిగి వచ్చాడు, తోడు కులపెద్దలు ఇద్దరు. తెల్ల ధోతి, భుజాన గొంగడి, అరవై దాటిన వయసు. నడక చూడగానే మోకాళ్ళు పట్టేశాయని నాకే తెలిసింది, ఎముకల డాక్టరుకు తెలియకుండా ఉంటుందా? ఆపరేషన్ చేస్తానని తమ్ముడు ఏళ్ళుగా బతిమాలుతున్నాడు. నా కాళ్ళు నా ఇష్టం అని అన్న తోసేస్తున్నాడు.

మల్లయ్య ముందు నల్ల కారులో కూర్చుని లేచాడు. తర్వాత నీలందాంట్లో కూర్చున్నాడు. సీటు ఆయన్ని మింగేసింది. దిగేటప్పుడు తలుపు అంచు పట్టుకుని, పళ్ళు బిగించి, రెండో ప్రయత్నంలో లేచాడు. లేచి నవ్వు మొహం పెట్టి, నీలం కారు ముందుకొచ్చి, బానెట్ మీద అరచెయ్యి మొత్తం ఆనించాడు. “గిదే. నీలి బండే తీస్కో తమ్మీ” అన్నాడు. కులపెద్దలు ఇద్దరూ తల ఊపారు.

ఇంజిన్ వేడి చూస్తున్నాడనుకుని, వేడి మామూలేనని నేను చెప్పబోయాను. ఒక పెద్దాయన నా మొహం చూసి నవ్వాడు. ఆ చెయ్యి సంగతి నాకు తర్వాత జాతరలో ఆయనే చెప్పాడు. పాఠకులకు ఇప్పుడే చెప్పేస్తాను. మందలోంచి యాటను, అంటే గొర్రెనో మేకనో, ఎంచేటప్పుడు ఇంటి పెద్ద దాని వీపు మీద చెయ్యి వేశాడంటే ఎంపిక ఖతం. తర్వాత అది కుంటిదని తేలినా సరే, దాన్నే తోలుకుపోవాలి. ఇంకోదానికి మార్చాడంటే ఆ చెయ్యికి విలువ లేదని పదిమందిలో చెప్పినట్టే. ఆ రోజు దవాఖాన ముందు ఈ సంగతి తెలియనివాళ్ళం ఇద్దరమే. నేను, డాక్టరు.

అక్కడి నుంచి జరిగింది చెప్పే ముందు మా వృత్తి నియమం ఒకటి చెప్పాలి. ఒకే ఇంటి నుంచి ఇద్దరు వస్తే, ఒకరు చాటుగా చెప్పిన మాట ఇంకొకరి చెవిన వేయకూడదు. నేను ఖమ్మంలో ఉన్నప్పుడు ఒకామె మా ఆయన నడిపితే నాకు భయం, గేర్లు లేని కారైతే నయమని మా కుర్రాడితో అంది. వాడు ఆ మాట పట్టుకెళ్ళి భర్తకు అందించాడు. అమ్మకం పోతే పోయింది, మా మెట్ల మీద మొదలైన గొడవ బస్టాండు దాకా వినిపించింది. అప్పటి నుంచి ఆ నియమాన్ని నేను వేదవాక్కులా పాటించాను, పాటించని వాళ్ళను మందలించాను కూడా.

ఆ ఆదివారమే, డాక్టరు పేషెంట్లను చూడటానికి లోపలికి వెళ్ళినప్పుడు, మల్లయ్య నన్ను చాయ్ తాగుదాం రమ్మన్నాడు. రోడ్డు దాటుతూ నా భుజం మీద బరువు వేశాడు. చాయ్ బండి దగ్గర కూర్చున్నాక చెప్పాడు.

“నల్లదాంట్ల సుఖంగున్నది సారూ. నీలిదాంట్ల కూసుంటే పానం పోయినంత పనైంది. కని మా వాని కండ్లు సూసినవా నీలిదాన్ని సూసేటప్పుడు? వానికి నేను ఆటబొమ్మ గూడ కొనియ్యలే ఎన్నడు. నేనేంది, ఏడాదికి రెండు మాట్ల ఎక్కుత. వాడు దినాం తోలుకుంటడు. ఈ మోకాళ్ళ ముచ్చట వానికి చెప్పకు జర.”

చెప్పనన్నాను. మనిషి మీద గౌరవం కలిగింది.

ఆ సాయంత్రం డాక్టరు ఫోన్ చేసి దవాఖానకు పిలిచాడు. కన్సల్టింగ్ గది తలుపు వేసి చెప్పాడు.

“నల్లదే రాయండి ప్రసాద్ గారు. అన్న నీలం బండి దిగేటప్పుడు మీరు సూడలేదేమో, నేను సూసిన. ఆయన నా కోసమే నీలం అన్నడు. నాకు నీలమే ఇష్టం, మీతోని అబద్ధమెందుకు? కానీ ఆయన ఎక్కని బండి నాకెందుకు? అన్నకు మాత్రం ఈ ముచ్చట తెల్వద్దు. తన కోసమని తెలిస్తే ఒప్పుకోడు. నాకు నల్లదే నచ్చిందని చెప్త.”

దానికీ సరేనన్నాను. ఆ గది నుంచి బయటికి వస్తుంటే నాకు సంతోషంగానే ఉంది. ఇలాంటి అన్నదమ్ములు ఈ కాలంలో ఉన్నారా అనుకున్నాను. ఒకరి కోసం ఒకరు చెప్పిన అబద్ధాలు రెండూ నా ఒక్కడి దగ్గరే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెడితే ఏమవుతుందో చూసే తెలివి ఆ రోజు నాకు లేదు. నల్లదానికి పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద సంతకాలు చేయించి, ఇన్సూరెన్స్ మార్పించి, మంచిరోజు చూసి డెలివరీ పెట్టించాను. నీలం కారు ఆ నెలలోనే నల్లగొండ లెక్చరర్ ఒకాయన తీసుకుపోయాడు.

డెలివరీ రోజు మల్లయ్య ఆ పెద్దలిద్దరితోనే వచ్చాడు. పూలదండ వేసి ఉన్న నల్ల కారును చూశాడు. దాని వెనకా ముందూ చూసి, “నీలిదేది?” అని అడిగాడు. “నాకు ఇదే నచ్చింది అన్నా” అన్నాడు డాక్టరు, తను వేసిన ఎత్తు పారిందని మొహం వెలిగిపోతుండగా. మల్లయ్య పక్కనున్న పెద్దల వైపు చూడలేదు. “మంచిది” అన్నాడు. కొబ్బరికాయ కొట్టాడు, బొట్టు పెట్టాడు. డాక్టరు వెనక తలుపు తీసి పట్టుకుంటే, బస్సు టైమవుతుందని చెప్పి కొత్త బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఆ మోకాళ్ళతో అంత దూరం ఎలా నడిచాడో ఆయనకే తెలియాలి.

ఆ తర్వాత మల్లయ్య ఆ కారు ఎక్కలేదు. డాక్టరు ఊరికి పోతే మర్యాదగానే మాట్లాడేవాడు, అన్నం పెట్టించేవాడు, కారు మాటెత్తితే లేచి మంద దగ్గరికి పోయేవాడు. డాక్టరు తనకు తోచిన కారణాలన్నీ వెతుక్కున్నాడు. పాత కారని అనుమానమా? ఇంతకు ముందు దానికేమైనా ప్రమాదం జరిగిందని భయమా? జాతర దగ్గర పడ్డప్పుడు నన్ను తోడు రమ్మన్నాడు. “కారు మంచిదని మీరు చెప్తే నమ్ముతడేమో” అన్నాడు.

అలా 2023 మాఘమాసంలో నేను ఆ నల్ల కారులో తిరుమలగిరి పక్క ఊరికి వెళ్ళాను. మల్లయ్య మాకు చల్ల ఇప్పించాడు. వారంటీ గురించి, సర్వీసు రికార్డు గురించి నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. “బండి మంచిదే సారూ. బండిని నేనేమన్న అన్ననా?” అన్నాడు. ఇంటి ముందు ట్రాలీ ఆటోలో జాతరకు తీసుకుపోయే యాటలను ఎక్కిస్తున్నారు. మల్లయ్య కర్ర పట్టుకుని అటు నడిచాడు. ఇద్దరు చంకల కింద చేతులేసి ఎత్తితే, మోకాళ్ళు మడవలేక, మూట ఎక్కినట్టు ఎక్కి యాటల మధ్య నిలబడ్డాడు. ఎముకల డాక్టరు ఆ దృశ్యాన్ని కారు తలుపు తెరిచి పట్టుకునే చూశాడు.

సూర్యాపేట దాకా మేము ఆ ట్రాలీ వెనకే పోయాం. దాన్ని దాటి ముందుకు పోవడానికి డాక్టరుకు మనసు రాలేదు. గంటకు రెండు వందల యాభై కిలోమీటర్లు పోతుందని గొప్పలు చెప్పుకునే జాతి కారు, వెనక సీటు ఖాళీగా, ఎద్దుబండిలా పాకింది. ట్రాలీ గుంతలో పడ్డప్పుడల్లా మల్లయ్య పైకమ్మి పట్టుకుని తూలేవాడు, డాక్టరు స్టీరింగ్ మీద చేతులు బిగించేవాడు.

గుట్ట కింద జనంలో డాక్టరు ఎటో వెళ్ళినప్పుడు, ఆ రోజు నన్ను చూసి నవ్విన పెద్దాయన కనిపించాడు. మల్లయ్య ఎందుకు కారెక్కడం లేదని అడిగితే, చెయ్యి వేయడం అంటే ఏమిటో ఆయన విడమరిచి చెప్పాడు. “డాక్టరైనంక అన్న చెయ్యికి ఇలువ ఏడుంటది సారూ” అని ముగించాడు. చేతిలో కొబ్బరి చిప్ప పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అన్న అనుకున్నది తెలిసింది, తమ్ముడు అనుకున్నది ముందే తెలుసు. రెండు మాటలు చెబితే ముడి విడిపోతుంది. కానీ ఇద్దరికీ విడివిడిగా మాట ఇచ్చి ఉన్నాను. కస్టమర్ల ఇంటి విషయాల్లో తలదూర్చవద్దని నేనే పదిమందికి పాఠాలు చెప్పి ఉన్నాను. పైగా, తోడబుట్టినవాళ్ళ అలక ఎన్నాళ్ళుంటుందిలే అనుకున్నాను. ఈ మూడో కారణం అన్నింటికంటే పనికిమాలినది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

మరుసటి ఏడు వేసవికి డాక్టరు కారును మా ఆఫీసుకే తెచ్చి అమ్మిపెట్టమన్నాడు. “నాకు నచ్చని కారు. అన్న ఎక్కని కారు. ఎవరి కోసం ఉంచుకోవాలె?” అన్నాడు. పద్ధతి ప్రకారం నేనే తనిఖీ చేశాను. రిపోర్టులో వెనక సీటు స్థితికి ఒక గడి ఉంటుంది. మామూలుగా అక్కడ చాయ్ మరకలు, పిల్లల బూట్ల గుర్తులు రాస్తాం. ఈసారి “వాడినట్టు లేదు” అని రాశాను. అది కారుకు మంచి మార్కు. ఆ గడి వల్లే విలువ కొంచెం పెరిగింది. ఖమ్మం ఇంజినీరు ఒకరు వచ్చి తోలుకుపోయారు. డాక్టరు మళ్ళీ కారు కొనలేదు, పాత చిన్న కారులోనే తిరుగుతున్నాడు.

ఆ ఏడాది చివర నేను రిటైరయ్యాను. ఉద్యోగం పోయాక ఉద్యోగ నియమం కూడా పోయినట్టేనని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఒకరోజు తిరుమలగిరి బస్సెక్కాను. మల్లయ్య ఇంటి ముందు మంచం మీద ఉన్నాడు. మంద లేదు. కాళ్ళు సాగక కిందటేడే అమ్మేశాడట. లేచి నిలబడాలంటే మనిషి కావాలి. నన్ను గుర్తుపట్టి, “కార్ల సారు” అన్నాడు.

నేను చుట్టూ తిప్పకుండా చెప్పేశాను. మీ తమ్ముడికి నీలం కారే ఇష్టం. మీ మోకాళ్ళు చూసి, మీరు సుఖంగా కూర్చోవాలని నల్లది కొన్నాడు. తన కోసమేనని మీతో అబద్ధం చెప్పాడు. మీరు నాతో చాయ్ బండి దగ్గర అన్నది ఆయనకు తెలియదు, ఆయన నాతో గదిలో అన్నది మీకు తెలియదు.

మల్లయ్య తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత అడిగాడు. “నేను చెయ్యేస్తి గద సారూ. చెయ్యేసినంక మార్చొద్దని వానికి ఎరుక లేదా?”

ఆయనకు తెలియదని చెప్పాను. ఆ రోజు నాకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసని చెప్పాను.

“ఎట్ల ఎరుకుంటది?” అన్నాడు మల్లయ్య, నాతో కాదు. “నేనే వాన్ని మంద కాడికి రానీయకపోతి. సెలవులకొస్తే గూడ కొట్టి ఎల్లగొడ్తి, చదువుకోపో అని. గొర్రె మీద చెయ్యేసుడు వానికి ఎవరు నేర్పిండ్రు? ఎవరు నేర్పలే.”

ముక్కు తుడుచుకుని, ఆ నల్ల కారు ఇంకా ఉందా అని అడిగాడు. లేదన్నాను. అయితే ఇక ఈ ముచ్చట తమ్ముడికి చెప్పొద్దని, ఉత్తగ పరేషాన్ అయితడని, నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ అన్నదమ్ములు నన్ను మాట అడగడం అది మూడోసారి. ఈసారి ఇవ్వలేదు. తిరుగు బస్సు సూర్యాపేటలో దిగగానే నేరుగా దవాఖానకు వెళ్ళి డాక్టరుకు అంతా చెప్పాను.

ఆయన విని, బల్ల మీది చీటీలు పక్కకు జరిపాడు. “అన్న మోకాలు ఇప్పుడు ఆపరేషన్‌కు గూడ పనికిరాదండి. గుండె తట్టుకోదు. ఇగ ఏ కారైనా ఒకటే ఆయనకు” అన్నాడు. తర్వాత నా వైపు చూసి, “జాతర నాడు చెప్తే అయిపోతుండె గద ప్రసాద్ గారు” అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఇద్దరూ ఇప్పుడు ఒకరితో ఒకరు బాగానే ఉన్నారు. ప్రతి ఆదివారం డాక్టరు ఊరికి పోయి అన్న మంచం పక్కన కూర్చుంటున్నాడని విన్నాను. అన్న ఎక్కడికీ పోలేడు కాబట్టి తమ్ముడే పోతున్నాడు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇది. కస్టమరు చాటుమాట దాచడం మంచి నియమమే, దాన్ని వదలమని అనను. కానీ ఒకే కారు గురించి ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు మీ దగ్గర విడివిడిగా రహస్యం పెడితే, కాగితాలు పక్కన పెట్టండి. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరికి ఏది కావాలో ఒకరి ముందు ఒకరిని అడగండి. అమ్మకం పోతే పోనివ్వండి. ఆ ఆదివారం చాయ్ బండికీ డాక్టరు గదికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డే. అటూ ఇటూ దాటినవాణ్ణి నేనొక్కణ్ణే.